ముందు ఎవరు మాట్లాడాలి

జనవరి 6

అమ్మ బస్‌స్టేషన్ దగ్గర గది తీసుకుంది. షిఫ్టు కోసం. మొదటి బస్సు కదిలేసరికి, బస్సుల పేర్లు చెప్పడానికి మైకు ముందు ఉండాలి కదా, ఇక్కడి నుంచి చీకట్లో అంత దూరం ఎలా వెళ్తుంది? ఇన్నేళ్ళూ వెళ్ళింది, అది వేరే సంగతి. మోకాళ్ళు మునుపటిలా లేవు. ఎవరికైనా అర్థమయ్యే విషయమే.

నాన్నకి అర్థం కాలేదు. అమ్మ చెప్పినప్పుడు పేపరు చదువుతున్నారు, తల ఎత్తలేదు. అమ్మ ఇంకోసారి చెప్పింది. పేపరు మడిచి పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆదివారం పూట ఏ లిఫ్టు చెడిపోయిందో మరి. ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఈ ఊళ్ళో ఏ మేడలో లిఫ్టు నడవాలన్నా ఆయన చూసి సరే అనాలి. ఆ సాయంత్రం నుంచి అమ్మతో మాటల్లేవు. నాతో మామూలుగానే ఉన్నారు. నాన్న నా మీద అలిగిన రోజు నాకు బుద్ధి తెలిశాక ఒక్కటీ లేదు.

అమ్మ ఒక పెట్టె, రెండు సంచులు పట్టుకెళ్ళింది. వారం వారం వస్తానంది.

ఎల్లుండి నుంచి ఎమ్మే ఆఖరి సెమిస్టరు. అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయో, ఎందుకు కొట్టుకోకుండా ఊరుకుంటాయో చదువుతున్నదాన్ని. ఇంట్లో ఇద్దరు మనుషుల సంగతి నాకొక లెక్కా.

జనవరి 8

షిఫ్టు కోసమే.

జనవరి 13

ఇవాళ క్లాసులో నాకు మా ఇల్లు కనిపించింది.

మా మేడమ్‌ని అందరూ మరోవైపు మేడమ్ అంటారు. ఏ వాదాన్నైనా ఇటుక మీద ఇటుక పేర్చి అందంగా కడతారు, అది నిలబడిందని మేము ఊపిరి పీల్చుకునేలోపు "మరోవైపు చూస్తే" అని ఆవిడే పడగొడతారు. ఇవాళ వాస్తవికవాదుల వంతు. దేశాలకి పైన పెద్దదిక్కు ఎవరూ లేరు. పోలీసు లేడు, జడ్జీ లేడు. ఎవరి ప్రాణం వాళ్ళే కాపాడుకోవాలి. ఒక దేశం భయపడి సరిహద్దులో గోడ కట్టుకుంటుంది. ఆ గోడ చూసి పక్క దేశం, వీళ్ళేదో తలపెట్టారని సైన్యాన్ని పెంచుతుంది. ఆ సైన్యం చూసి మొదటి దేశం గోడ మీద తుపాకులు పెడుతుంది. నిజానికి ఇద్దరికీ యుద్ధం అక్కర్లేదు. ఇద్దరికీ భయం, అంతే. దీన్ని సెక్యూరిటీ డైలమా అంటారు. తెలుగు పుస్తకంలో భద్రతా సందిగ్ధం అని ఉంది, ఆ మాట చూస్తేనే ఆవలింత వస్తుంది.

నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. అమ్మ మోకాళ్ళ కోసం గది తీసుకుంది. వదిలేసి పోతోందని నాన్న భయపడ్డారు, మాట్లాడటం మానేశారు. ఆ మౌనం చూసి అమ్మ భయపడింది, ఒక సంచితో పోయేది రెండు సంచులు సర్దింది. ఇద్దరిలో ఎవరికీ విడిపోవాలని లేదు.

పక్కన కూర్చున్న వీటోకి చెప్పాను. వీటో అంటే నా స్నేహితురాలు. సినిమాకి వద్దు, టీకి వద్దు, పెళ్ళికి వద్దు, ఏ ప్రతిపాదన పెట్టినా వద్దంటుందని క్లాసంతా కలిసి పెట్టిన పేరు. "మీ అమ్మానాన్నలు దేశాలు కాదే" అంది. దీనికీ వద్దే.

అయినా మనసు ఎంత తేలికైందో. జబ్బు పేరు తెలిసింది, ఇక మందు చూడటమే మిగిలింది.

జనవరి 19

వారం వారం వస్తానన్న అమ్మ రాలేదు, నేనే ఆవిడ గదికి వెళ్ళొచ్చాను. నాన్న పొద్దున బీరువాలోంచి ఉన్ని దుప్పటి తీసి కుర్చీ మీద పెట్టి, "అటు వెళ్తున్నావుగా" అన్నారు. ఎవరికి, ఎందుకు అనలేదు. నేను అడగలేదు.

మూడో అంతస్తులో గది. లిఫ్టు లేదు కాబట్టి నాన్నకి ఆ మేడతో పని పడదు. ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీ కింద వరసగా బస్సుల నడినెత్తులు. అమ్మ ఒక పాత స్టూలు కొని, దానికి తనే పసుపుపచ్చ రంగు వేసుకుంటోంది. వేళ్ళ నిండా రంగు. రేడియో గట్టిగా మోగుతోంది. ఇంట్లో ఎప్పుడూ చెవి దగ్గర పెట్టుకుని వినే మనిషి, పక్క గదివాళ్ళు ఏమనుకుంటారో అని కూడా లేదు. పాటతో పాటు తనూ పాడుతోంది. నన్ను చూసి, స్టూలు మీద మాత్రం కూర్చోకు, యూనివర్సిటీ అంతా నీ వెనకే చూస్తుంది అని నవ్వింది.

నా ముందు ధైర్యంగా ఉన్నట్టు నటిస్తోంది పాపం.

దుప్పటి ఇచ్చేసరికి పాట ఆగిపోయింది. "పంపించాడా?" అంది. చలికని పంపారమ్మా అన్నాను. అలా చెప్పాడా అని అడిగింది. చెప్పలేదు, కానీ అంతేగా మరి అన్నాను. "మీ నాన్న చెప్పనివన్నీ మనమే చెప్పుకోవాలి" అని దాన్ని మంచం కిందకి తోసేసింది.

చూశావా. ఆయన ప్రేమతో పంపింది ఈవిడకి వెళ్ళగొట్టినట్టు కనిపించింది. సంకేతం పంపినవాడి ఉద్దేశం ఒకటి, అందుకున్నవాడి భయం ఒకటి. మేడమ్ చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఆ గదిలో జరిగింది.

జనవరి 27

సెమినార్‌లో సెక్యూరిటీ డైలమా మీద నేనే మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, వీటో కూడా కొట్టింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు, ఈ సిద్ధాంతం ఏ సందర్భంలో పనికిరాదు అని. పుస్తకంలో ఉన్నదే చెప్పాను. రెండింట్లో ఒక దేశం భయంతో కాకుండా, ఉన్న పరిస్థితిని నిజంగానే మార్చాలనుకుంటే పనికిరాదు. అప్పుడు అక్కడ ఉన్నది అపార్థం కాదు.

"అది భయమో కోరికో బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"అడగాలి మేడమ్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు.

ఫిబ్రవరి 2

డిసర్టేషన్ మూడో అధ్యాయం పూర్తయింది. ఒక పెద్ద దేశం, దాని పక్కన ఒక చిన్న దేశం, మధ్య ఎన్నో దశాబ్దాలుగా ఒక్క తూటా పేలలేదు. ఎందుకు పేలలేదన్నదే నా ప్రశ్న. స్థిరమైన శాంతికి అది నమూనా అని నా వాదం.

ఈ విషయం ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే మా ఇల్లు చూపించాలి. మా ఇంట్లో గొడవల్లేవు. వీటో వాళ్ళింట్లో గిన్నెలు గాల్లో ఎగురుతాయట. మా నాన్న గొంతు పెంచగా నేను వినలేదు. కోపం వస్తే మాట్లాడరు, అంతే. రెండు రోజులు, పది రోజులు, ఒకసారి వేసవి సెలవులంతా. తన కంచం తనే కడిగి బోర్లిస్తారు, తన బట్టలు తనే ఇస్త్రీ చేసుకుంటారు. అమ్మే మెల్లగా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుంది, ఎండ గురించి, పక్కింటివాళ్ళ గురించి, బస్‌స్టేషన్‌లో తప్పిపోయి దొరికిన మనుషుల గురించి. ఒకరోజు నాన్న ఊఁ అంటారు. అయిపోయింది.

మధ్యలో రాయబారం నాది. స్కూలు నుంచి రాగానే అమ్మ వంటింట్లోంచి గొంతు తగ్గించి అడిగేది, నాన్న ఎలా ఉన్నారు చూసి రా అని. నేను వెళ్ళి చూసొచ్చి బాగానే ఉన్నారు అనో, ఇంకా లేదు అనో చెప్పేదాన్ని. నాన్న కూడా మీ అమ్మతో చెప్పు, నేను తినేసి వచ్చానని అనేవారు. నా అంత చిన్న వయసులో దౌత్యం మొదలుపెట్టినవాళ్ళు ఎవరూ ఉండరని వీటోతో గొప్పగా చెప్పుకుంటాను.

ఇన్నేళ్ళు నడిపించినదాన్ని, ఇప్పుడు నడిపించలేనా?

ఫిబ్రవరి 5

మధ్యవర్తిత్వం మీద చదివాను. ఇరుపక్షాలూ మాట్లాడుకోవాలనే ఉంటాయట, కానీ ముందు అడిగితే లోకువైపోతామని జంకు. కాబట్టి మధ్యవర్తి చేయాల్సిన పని ఒక్కటే. ముందు చెయ్యి చాచింది అవతలివాళ్ళేనని ఇద్దరికీ అనిపించాలి. ఎవరి పరువూ పోకుండా ఇద్దరూ బల్ల దగ్గరికి వస్తారు. కూర్చున్నాక ఎవరు ముందు అడిగారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఎంత తేలిక.

ఫిబ్రవరి 7

నాన్నకి చెప్పాను, అమ్మ ఇంటికి రావాలనుకుంటోంది, అడగడానికి మొహం చెల్లక నాతో చెప్పింది అని. నాన్న చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత, ఆదివారం భోజనానికి రమ్మను అన్నారు. పళ్ళు తోముకోవడానికి వెళ్తూ ఈల వేశారు.

ఫిబ్రవరి 8

అమ్మకి చెప్పాను. నాన్నే నిన్ను ఆదివారం భోజనానికి పిలవమన్నారు, తనంతట తనే అడిగారు అని. రెండో సగం ఒక్కటే అబద్ధం. అదీ పెద్ద అబద్ధమేం కాదు.

అమ్మ నమ్మలేదు. ఆయనే అడిగాడా, నువ్వు కదపకుండానే అడిగాడా, సరిగ్గా ఏమన్నాడో ఆ మాటే చెప్పు అని మూడుసార్లు అడిగింది. నేను మాటలు కూర్చి చెప్పాను. ఆమె లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు, నేనే ముందు అడుగుతున్నానని చెప్పు. నాన్న గొంతుతోనే చెప్పాను. అది నాకు బాగా వచ్చు.

అమ్మ మొహం తిప్పేసుకుని కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడింది. ఏ కూర చేస్తాడట అని అడిగింది.

ఫిబ్రవరి 11

రాయలేను.

ఫిబ్రవరి 12

నాన్న నిన్న పొద్దున్నే గడ్డం గీసుకున్నారు. హాలు తనే తుడిచారు. ఇద్దరం కలిసి వంట చేశాం, ఉప్పు నేనొకసారి ఆయనొకసారి వేసి, నీళ్ళు పోసి, మళ్ళీ వేసి, నవ్వుకున్నాం. నాకు పరీక్షలో మొదటి మార్కు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం లేదు.

అమ్మ మంచి బట్టలు వేసుకుని వచ్చింది. తలకి కొత్త రంగు వేసుకుంది. గుమ్మంలో నాన్నని చూసిన ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. సిగ్గుపడుతున్నట్టు ఉంది. మా అమ్మ కొత్తగా పరిచయమైన మనిషిలా అనిపించింది. నాన్న లేచి ఆమె గ్లాసులో నీళ్ళు పోశారు. అమ్మ ఆ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది. ఆయన ఏమంటారా అని చూస్తోంది. ఆయన కూడా ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. నేను ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, ఇంకాసేపట్లో అయిపోతుంది అనుకుంటున్నాను.

అప్పుడు నాన్న అన్నారు, మెత్తగా, నిజంగా పెద్ద మనసుతోనే.

"సరేలే. నువ్వే అడిగావు కాబట్టి పాత విషయాలు ఎత్తను. సామాను ఎప్పుడు తెచ్చుకుంటావో చెప్పు."

అమ్మ నా వైపు చూసింది. తర్వాత నాన్న వైపు చూసింది.

"మీరు నన్ను రమ్మని అడగలేదా?"

"నేనెందుకు అడుగుతాను?" అన్నారు నాన్న. వెటకారం లేదు, కోపం లేదు. ఆ ప్రశ్నే ఆయనకి అర్థం కాలేదు. అది అన్నిటికంటే ఘోరంగా ఉంది.

అమ్మ కంచం దగ్గరికి లాక్కుంది. వడ్డించినది మొత్తం తిన్నది. కూరలో ఉప్పు ఎక్కువైంది అని కూడా అంది. కంచం కడిగి బోర్లించి చెప్పులు వేసుకుంది. నేను గేటు దాకా వెనకే పరిగెత్తాను.

"ఒక్కసారి ఆయనే ముందుగా మాట్లాడితే చాలనుకున్నా ఇన్నేళ్ళూ. ఒక్కసారి" అంది అమ్మ. "నువ్వు వెళ్ళాక ఆ రోజు గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఎంత ఏడ్చానో తెలుసా, సంతోషానికి. ఆ మాటలు నువ్వు కల్పించావా తల్లీ?"

అవునని చెప్పకుండా పాఠం ఒప్పజెప్పాను. మీ ఇద్దరికీ ఉన్నది భయం అమ్మా, ఒకరి భయం ఒకరికి తెలిస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయి అన్నాను.

"నాకు భయం లేదు. భయం ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లోనే ఉన్నా. అది పోయింది కాబట్టే వెళ్ళాను."

షిఫ్టు కోసం కాదన్నమాట.

"అయితే నన్ను కూడా వదిలేసే వెళ్ళావు" అన్నాను. అనేసి గేటు వేసి లోపలికి వచ్చేశాను. ఆవిడ ఎంతసేపు అక్కడ ఉందో నాకు తెలియదు. కిటికీలోంచి చూడలేదు. నాన్న చూడలేదా అంటే ఆయనా చూడలేదు.

ఫిబ్రవరి 13

అమ్మ ఫోను. ఎత్తలేదు. నాలుగో అధ్యాయం ఉంది.

ఫిబ్రవరి 14

మళ్ళీ చేసింది. లైబ్రరీలో ఉన్నాను. లైబ్రరీలో ఫోను ఎత్తకూడదు.

ఫిబ్రవరి 18

నాకు కోపం ఏమీ లేదు. మాట్లాడటానికి ఏముంది, అంతే. ఒక మనిషికి తన ఇంట్లో ఉండాలని లేదంటే దాని మీద చర్చ ఏముంటుంది? అమ్మ మెసేజ్ పెట్టింది, పరీక్షల తేదీలు ఇచ్చారా అని. చూశాను. చూసినట్టు ఆవిడకి తెలుస్తుంది. తెలియనీ.

ఫిబ్రవరి 25

నాన్న, నేను హాయిగా ఉన్నాం. ఆయన కంచం ఆయన కడుక్కుంటారు, నాది నేను. పొద్దున టీ, రాత్రి వార్తలు. మాటలు పెద్దగా అక్కర్లేదు. నాలుగో అధ్యాయం ఇలాంటి నిశ్శబ్దంలోనే రాయగలిగాను.

ఇవాళ నాన్న పప్పు గరిట నా కంచం మీద బోర్లిస్తూ, "నువ్వు నా పోలికే" అన్నారు. గర్వంగా అనిపించింది. అన్నం మాత్రం దిగలేదు.

మార్చి 3

అమ్మ ఫోను.

మార్చి 4

అమ్మ ఫోను.

మార్చి 5

ఇవాళ చేయలేదు. రోజంతా ఫోను చేతిలోనే పెట్టుకుని తిరిగాను. ఎందుకు చేయలేదో.

మార్చి 9

మేడమ్ గదికి పిలిచారు. డిసర్టేషన్ మొత్తం చదివారట. భాష బాగుంది, ఆధారాలు గట్టిగా ఉన్నాయి అన్నారు. నేను ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

"మరోవైపు చూస్తే, యుద్ధం జరగలేదని నువ్వు నిరూపించావు. ఆ చిన్న దేశం ఇన్నేళ్ళూ ఏమేం మానుకుంటే జరగలేదో రాయలేదు. పెద్దాయనకి కోపం వస్తుందేమోనని ఎన్ని మాటలు మింగేసి ఉంటారు? నీ పుస్తకమంతా పెద్ద దేశం రాజధానిలో కూర్చుని రాసినట్టుందమ్మా."

సమాచారం దొరకలేదు మేడమ్ అన్నాను.

"దొరకలేదా, అడగలేదా?"

తల కొట్టేసినట్టయింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆవిడకి ఏం తెలుసు, పెళ్ళయిందో లేదో కూడా తెలియని మనిషి, ఊరికే పడగొట్టడం అలవాటు అనుకున్నాను. ఆ తర్వాత వేసవి సెలవులు గుర్తొచ్చాయి, నాన్న మాట్లాడని ఆ సెలవులు. మేము ఎక్కడికీ వెళ్ళలేదు, ఎవరూ రాలేదు. అమ్మ రేడియో చెవికి ఆనించుకుని వినేది. ఎందుకలా వింటావు అని నేనెప్పుడూ అడగలేదు.

మార్చి 16

వీటో క్యాంటీన్‌కి వెళ్దామంది. తనంతట తనే. అప్పుడే అనుమానించాల్సింది.

నిన్న ఊరికి వెళ్ళి వస్తూ బస్‌స్టేషన్‌లో దిగిందట. అమ్మ మైకు ఉండే అద్దాల గదిలోంచి చూసి, బయటికి వచ్చి పలకరించిందట. ఏమడిగిందో తెలుసా అంది వీటో. చెప్పడానికి కాస్త తటపటాయించింది, దానికి ఆ అలవాటు లేదు.

"నీ మూడ్ ఎలా ఉందని అడిగింది. ఇంకా కోపంగానే ఉందా, ఏ రోజు ఫోను చేస్తే కాస్త మంచిదని. ఊరికే ఎందుకు ఆంటీ, చేసేయండి అన్నా. లేదమ్మా, సమయం చూసి చేయాలి, లేకపోతే ఇంకా ముదురుతుంది అంది. మీ అమ్మ నీకు భయపడుతోందే."

టీ చల్లారిపోయింది. నేను తాగలేదు. నాన్న ఎలా ఉన్నారు చూసి రా అనే ఆ గొంతు, వంటింట్లోంచి, చెవిలో వినిపిస్తోంది. ఆ గొంతుని నేను ఇన్నాళ్ళూ అమ్మ మామూలు గొంతే అనుకున్నాను.

మార్చి 17

వెళ్ళాలి.

మార్చి 18

వెళ్ళాను.

అద్దాల గదిలో అమ్మ మైకు ముందు ఉంది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. బస్సు పేరు చదువుతూ తలెత్తి నన్ను చూసింది. ప్లాట్‌ఫారం నంబరు తప్పు చెప్పింది. జనం సంచులు ఎత్తుకుని అటు పరిగెత్తారు. మళ్ళీ సరిచేసి చెప్పింది, జనం తిట్టుకుంటూ ఇటు పరిగెత్తారు.

షిఫ్టు దిగి వచ్చింది. నా దగ్గరికి రాలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి నా మొహం చూసింది. కాస్త వంగి, నవ్వాలో వద్దో తెలియక, నా నుదురు చూసి, నోరు చూసి. అలా ఒకరు నన్ను చూడటం నా జీవితంలో మొదటిసారి. ఇన్నేళ్ళూ నేను ఆవిడ పక్కన నిలబడి అదే చూపు నాన్న మీద పడటం చూశాను. ఎదురుగా ఎప్పుడూ నిలబడలేదు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ మొదలుపెట్టింది. రెయిలింగుకి కొత్త రంగు వేశారు చూశావా, క్యాంటీన్ అతను మారాడు, కాఫీ మరీ పలచగా ఉంటోంది, మొన్న ఒక పెద్దాయన ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండా నిద్రపోయాడు, మూడుసార్లు పేరు పెట్టి పిలిచినా లేవలేదు. ఆగకుండా చెబుతోంది. నేను ఊఁ అనేదాకా చెబుతుందని నాకు తెలుసు.

తర్వాత గొంతు తగ్గించింది.

"నేను వచ్చేస్తాలే తల్లీ. నెలాఖరుకి గది వదిలేస్తానని చెప్పేశాను. మీ నాన్నతో నేనే మాట్లాడతా, నాకేం కొత్త కాదుగా. నువ్వు మాత్రం నాతో ఇలా ఉండకు."

గెలిచాను. పుస్తకాలన్నీ కలిసి చేయలేని పని నేను నోరు మూసుకుని చేశాను. నాకు కావలసింది ఇదే. జనవరి నుంచి నేను పడిన తాపత్రయం అంతా ఈ ఒక్క మాట కోసమే. సరే అమ్మా అంటే చాలు, వచ్చే నెల నేను తలుపు తీసేసరికి వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది. నాకు అమ్మ కావాలి. ఇరవై మూడేళ్ళ దాన్ని, బస్‌స్టేషన్‌లో జనం మధ్య నిలబడి, నాకు అమ్మ కావాలని ఏడుపు వచ్చింది. సరే అన్న మాట నాలుక మీద ఉంది.

"వద్దమ్మా. గది వదలకు."

"నీకు ఇంకా కోపం—"

"ఉంది. పోతుందో లేదో కూడా తెలియదు. నువ్వు లేకపోతే నాకు ఇంట్లో ఏమీ బాగోదు. అయినా రాకు. నేను మాట్లాడకపోయినా రాకు. నేను మళ్ళీ ఎప్పుడైనా ఇలా చేస్తే ఫోను కూడా చేయకు."

"ఫోను చేయకుండా ఎలా ఉంటానే" అంది అమ్మ. అని బెంచీ మీద కూలబడింది. మోకాళ్ళు నిజంగానే బాగోలేవు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం, సంచులవాళ్ళు మా కాళ్ళ మీదుగా దాటుకుంటూ పోతున్నారు. మైకులో తర్వాతి షిఫ్టు అమ్మాయి ఏదో చెబుతోంది. అమ్మ ముక్కు తుడుచుకుంటూ, ఆ పిల్ల ఎప్పుడూ ఊరి పేరు మింగేస్తుంది, ఎవరికీ వినపడి చావదు అంది.

కల్పించి చెప్పినందుకు క్షమించు అన్నాను. అది మాత్రం కాస్త టైము పడుతుందే, ఆ మాటలు బాగా చెప్పావు అంది. చెయ్యి మాత్రం నా మోకాలి మీదే ఉంచింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న భోజనానికి కూర్చుని ఉన్నారు. నేను ఎక్కడికి వెళ్ళానో ఆయనకి తెలుసు. కంచం నా వైపు జరిపి, నవ్వుతూ, సాటి మనిషిని అడిగినట్టు అడిగారు.

"దారికొచ్చిందా? నాలుగు రోజులు పట్టించుకోకపోతే వస్తుందని నాకు తెలుసు. ఎప్పుడొస్తుందట?"

"రాదు నాన్నా. వస్తానంది. నేనే వద్దన్నాను."

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆయన మొహంలో కోపం వెతికాను, కనపడలేదు. దెబ్బ తిన్నారు. ఆయనకి భయం ఉంది, ఆ మాట అబద్ధం కాదు, అది మొదటి రోజు నుంచీ నేను సరిగ్గానే చూశాను. ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. నాన్నా, ఒక్కసారి మీరే వెళ్ళి అడగండి, ముందు మీరే మాట్లాడండి, దాని కోసం ఆవిడ ఇన్నేళ్ళు ఎదురుచూసింది అన్నాను. నేను మోసుకెళ్ళను, ఈసారి మీరే చెప్పాలి అన్నాను. నేను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను. నాన్న లేచారు. సగం అన్నం అలాగే ఉన్న కంచం కడిగి, బోర్లించి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

మార్చి 19

పొద్దున నాన్న నాతో మాట్లాడలేదు. సాయంత్రం కూడా.